పస్తులుంచిన మడి

నాకు కోపం ముక్కు మీదే ఉండేది. ఇప్పుడు వయసుతో కాస్త దిగింది గానీ, ఆ రోజుల్లో చెప్పిన మాట ఎవరైనా వినకపోతే ఒళ్ళు మండిపోయేది. ఆ కోపంలోనే పెనుకొండ దగ్గరి ఒక పల్లెలో, నాకు అన్నం పెట్టిన ముసలామెను అనరాని మాటలన్నాను.

ఆంధ్ర రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులవి. నాకు వ్యవసాయ శాఖలో పని దొరికింది. ధర్మవరంలో మగ్గం నేసే ఇంట్లో పుట్టినవాణ్ణి, చదివిందే తప్ప చేతికి మట్టి అంటింది లేదు. పని చూసి, నచ్చితేనే ఖాయం చేస్తామన్నారు. అప్పటికే చూపు మసకబారి మా నాయన మగ్గం దిగాడు. ఈ ఉద్యోగం నిలబడకపోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు.

నాకప్పగించిన పని చిన్నదే. రైతు పొలంలో పక్కపక్కన రెండు మళ్ళు. రెండింటికీ ఒకే రాగి నారు, ఒకే నీళ్ళు. ఒకదానికి సంచుల్లో వచ్చే సీమ ఎరువు, అదే రసాయన ఎరువు, వేయాలి, రెండోదానికి ఏమీ వేయకూడదు. కోతనాడు రెండూ తూచి తేడా రాసి పంపాలి. ఎక్కడో తడి నేలల్లో తేలిన లెక్కలు మా ఎర్రనేలకు పనికిరావని హిందూపురంలో ఉండే మా ఆఫీసరు పట్టుదల. మన లెక్క మన పల్లెల్లోనే తేలాలనేవాడు.

మడి ఇవ్వడానికి ఊళ్ళో ఒక్కరూ ముందుకు రాలేదు. చివరికి ఎద్దులతో నీళ్ళు తోడే కపిల బావి కింద కొద్దిపాటి చేను ఉన్న ఒక అవ్వ ఒప్పుకుంది. "సదువుకున్న పిల్లోడు, ఎండలో పడి తిరుగుతాండావు. రెండు మళ్ళే కదప్పా, తీసుకో" అంది. నేను వెళ్ళినప్పుడల్లా సంగటి, ఊరిబిండి పచ్చడి ముందు పెట్టేది. "ముందు తిను. ఆమీట సూసుకుందువు నీ మళ్ళు" అనేది. తినందే గట్టు ఎక్కనిచ్చేది కాదు.

నెలన్నర గడిచింది. రెండు మళ్ళూ ఒకే తీరుగా నల్లగా నిగనిగలాడుతున్నాయి. నాకు అనుమానమొచ్చి ఒకరోజు చెప్పకుండా పొద్దున్నే వెళ్ళాను. అవ్వ చీర ఎగ్గట్టి కాలువలో దిగి, ఏమీ వేయొద్దన్న మడికి పారే నీళ్ళలో గంపెడు గొర్రె ఎరువు కాలితో కలుపుతోంది.

"అవ్వా! ఏం చేస్తాండావు?"

ఆమె ఉలిక్కిపడనైనా లేదు. "ఎరువు కలుపుతాండా నాయనా. మొదట్లోనే ఆకు పసుపు తిరిగిపాయ, సూల్లేకపోయినా."

"ఎయ్యొద్దని చెప్పినా గదా!"

"సెప్పినావులే. ఇద్దరు బిడ్డల్ని పక్కపక్కన కూసోబెట్టి, ఒకరికి ముద్ద పెట్టి ఇంకొకరిని నోరు తెరుసుకోని సూడమంటే నాతో యాడయితాది?"

అంతే, నాకు ఒళ్ళు తెలియలేదు. "నా నోట్లో మన్ను కొట్టినావు గదా! ఈ లెక్క చెడితే నా ఉద్యోగం ఉండదు. మా ఇంట్లో పొయ్యి ఎట్ల ఎలగాల? నీ అట్లాంటి తెలివితక్కువదాన్ని నమ్మినందుకు నా చెప్పుతో నేనే కొట్టుకోవల్ల!" అని అరిచాను.

అవ్వ గంప చంకన పెట్టుకుని అట్లాగే నిలబడింది. "ఉద్యోగం పోతాదని నాకేం తెలుసు? ఆ మాట ముందే సెప్పకపోతివే నాయనా" అంది మెల్లగా. ఆ రోజు ఆమె పెట్టింది తినకుండా వచ్చేశాను.

నాలుగు రోజులకు హిందూపురం రమ్మని కబురు. పని పోయిందనే అనుకుంటూ రైలెక్కాను. ఆఫీసరు బల్ల మీద ఒక గుడ్డ మూట ఉంది. విప్పి చూపించాడు. గొర్రె ఎరువు! ముందురోజు అవ్వ వచ్చిందట. పుట్టి బుద్ధెరిగి రైలెక్కని మనిషి, తాను కలిపిందేమిటో చూపడానికి ఆ మూట ఒళ్ళో పెట్టుకుని ఒంటరిగా వచ్చిందట. "పిల్లోని తప్పు ల్యా సామీ, నాదే. దండుగ ఏమన్నా ఉంటే నాకెయ్యి, వాని పని తియ్యొద్దు" అందట.

"ఏ తడికి ఎంత కలిపిందో అంతా అడిగి రాసుకున్నాను. ఈ ఎరువును మనమెప్పుడైనా తూచామా? ఈసారి మూడు మళ్ళు పెట్టు. సీమ ఎరువుకొకటి, గొర్రె ఎరువుకొకటి. మూడోదానికి మాత్రం నిజంగానే ఏమీ పడకూడదు. అదీ చెడితే ఇక నేనేమీ చేయలేను" అన్నాడు ఆఫీసరు.

తల వంచుకుని అవ్వ ఇంటికి వెళ్ళాను. గడప దగ్గరే ఆగాను. ఆమె సంగటి తెచ్చి పెట్టింది. "తిను. ఆ పొద్దు తినకుండా పోతివి." నాకు ఏడుపు ఆగలేదు. తిన్నాక మూడో మడి సంగతి చెప్పాను. అవ్వ నా తట్ట తీసి కడిగి పెట్టింది. "నీ కోసరమైతే సరేలే" అంది.

ఆ పంట పొడుగునా మూడో మడికి పిడికెడు ఎరువు పడలేదు. పైరు పీలగా, పసుపుగా మిగిలింది. ఆ లెక్కతోనే నా ఉద్యోగం ఖాయమైంది, గొర్రె ఎరువు మాట కూడా మా ఆఫీసు కాగితాల్లోకి ఎక్కింది.

కోతనాడు తక్కెడ మోసుకుని వెళ్ళేసరికి అవ్వ ఆ మూడో మడి గట్టున కూర్చుని ఉంది. నన్ను చూడలేదు. బక్కచిక్కిన వెన్నులను చేత్తో నిమురుతూ పైరుతో మాట్లాడుతోంది.

"ఏమనుకోవద్దు తల్లీ. పిల్లోని ఇంట్లో పొయ్యి ఎలగల్ల. అందుకే నిన్ను పస్తుంచినా."

తక్కెడ చప్పుడు కాకుండా కింద పెట్టి, ఆమె లేచేదాకా వెనకాలే నిలబడ్డాను.