జామచెట్టు మీది గొంతు

నల్లగండ్లలో మేము కిరాయికి దిగిన ఇంట్లో నాకు మొదట నచ్చింది పెరడే. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచిపోయినా ఇంటివాళ్లు మాత్రం తమ పాత స్థలంలోనే మేడ కట్టుకుని, కింది భాగం మాకిచ్చి పైన ఉండేవారు. వెనక ఒక జామచెట్టు, బట్టలుతికే బండ, కాస్త మట్టి నేల. మాదాపూర్ ఆఫీసుకి వారంలో సగం రోజులు వెళ్తే చాలు. మిగతా రోజుల్లో వంటింటి గుమ్మం దగ్గర లాప్‌టాప్ పెట్టుకుని ఆ పెరడు చూస్తూ పని చేసుకునేదాన్ని.

పిట్టలకు మేత పెట్టడం అక్కడే మొదలైంది. ముందు మట్టి మూకుట్లో నీళ్లు పెట్టాను. ఒక్క పిట్టా వాలలేదు. మూకుణ్ణి ఎండలోంచి చెట్టు నీడకు జరిపాక గోరింకలు వచ్చాయి. జొన్న కంకులు కట్టి కొమ్మకు వేలాడదీస్తే పిచ్చుకలు వచ్చాయి. పల్లీలు పెట్టినప్పటి నుంచి రామచిలుకలు గుంపుగా దిగడం మొదలైంది. సగం తిని, సగం కింద పారేసి, చెవులు చిల్లులు పడేలా అరిచి వెళ్లిపోయేవి.

పైన బాల్కనీలో ఇంటావిడ అత్తగారు చక్రాల కుర్చీలో కూర్చుని ఇవన్నీ చూస్తుండేది. పక్షవాతంతో ఆమెకు కుడివైపు చచ్చుబడింది. మాట పడిపోయింది. మేము దిగేసరికే ఆమె స్థితి అది. "బాగున్నారా పెద్దమ్మా?" అంటే ఎడమ చెయ్యి కాస్త ఎత్తేది. ఎంత నెమ్మదైన మనిషో అనుకునేదాన్ని.

ఒక పొద్దున నేను ఆఫీసు కాల్‌లో ఉన్నాను.

"ఏయ్ పిల్లా! పాలు పొంగుతున్నయ్, చూడు!"

పెరట్లోంచి ఎవరో ఆడమనిషి గద్దించింది. నేను ఉలిక్కిపడి స్టవ్ దగ్గరికి పరుగెత్తాను. స్టవ్ మీద ఏమీ లేదు. పెరట్లోకి వచ్చి చూస్తే మనిషి జాడ లేదు. పెరటి గేటు గొళ్లెం వేసినట్టే ఉంది.

"జర చూడవే!" సరిగ్గా నా తల పైనుంచి వినబడింది.

పైకి చూశాను. కాలితో పల్లీ పట్టుకున్న చిలుక ఒకటి మెడ వంచి నన్నే చూస్తోంది. నేను బండ మీద కూలబడిపోయాను.

అంతలో ఇంటావిడ మెట్ల మీంచి పరుగున దిగింది. చేతులకు పిండి అలాగే ఉంది.

"చెల్లె, ఎవరు మాట్లాడింది?"

చెట్టు వైపు చూపించాను. చిలుక మళ్లీ అదే మాట అంది. ఆమె మెట్ల కమ్మీ పట్టుకుని నిలదొక్కుకుంది.

"గది మా అత్తమ్మ గొంతు," అంది.

పిల్లగా ఉన్నప్పుడు గూట్లోంచి పడిపోతే ఆ చిలుకను అత్తగారే పెంచిందట. ఆమె మంచాన పడ్డాక దాన్ని చూసే తీరిక ఎవరికీ లేకపోయింది. పైగా చిలుకను పెంచడం నేరమని ఎవరో భయపెట్టారు. "మా ఆయన చెరువు కట్ట మీద ఇడిసి వచ్చిండు. అత్తమ్మకు ఎగిరిపోయిందని చెప్పినం," అంది ఇంటావిడ కళ్లు తుడుచుకుంటూ. "ఈ గొంతు ఇగ వింటనని అనుకోలే చెల్లె."

నాకు మాత్రం ఇంకొక సంగతి మింగుడు పడలేదు. ఆ గద్దింపు, ఆ జోరు, చెయ్యి మాత్రమే ఎత్తే ఆ మనిషివా?

పెద్దమ్మకు వినిపించాలా వద్దా అని ఇంటావిడ చాలా తటపటాయించింది. చివరికి మర్నాడు పొద్దున వాళ్లాయన, మా ఆయన కలిసి కుర్చీతో సహా ఆమెను కిందికి దింపారు. చిలుకలు వచ్చాయి. తిన్నాయి, కొట్టుకున్నాయి. మాట మాత్రం లేదు. ఇక రాదేమో అనుకుంటుండగా కొమ్మల్లోంచి ఆ కేక వినబడింది.

పెద్దమ్మ తల చివ్వున లేచింది. ఎడమచేత్తో నా మణికట్టు పట్టుకుంది. అంత బలం ఆమెలో ఉంటుందని నేను ఊహించలేదు. నోరు తెరిచింది. "ఆ... ఆ..." అన్న శబ్దం తప్ప ఏమీ రాలేదు. భుజాలు అదిరిపోతుంటే ఏడుస్తోందనుకుని వంగి చూశాను. నవ్వుతోంది. ఏడుస్తున్నది కోడలు.

"అమ్మా, వల తెచ్చి పట్టుకుందమా?" అన్నాడు కొడుకు గుసగుసగా.

ఆమె కొడుకు వైపు చూసిన చూపుకు నేనే వెనక్కి తగ్గాను. కుర్చీ చేతిని అరచేత్తో గట్టిగా కొట్టి, తల అడ్డంగా ఊపింది.

వానలు మొదలయ్యేదాకా ఆమె రోజూ కిందికి దిగింది. అరచేతిలో పల్లీలు పట్టుకుని కూర్చునేది కానీ ఆ చిలుక చేతి మీద ఎన్నడూ వాలలేదు. ఫోన్లో రికార్డు చేద్దామని చూశాం. బండ్ల హారన్లు, మిగతా చిలుకల అరుపులే పడ్డాయి. రానురాను ఆ చిలుక మాటలు ముక్కలై, తర్వాత అవీ ఆగిపోయాయి. వానాకాలం గడిచేసరికి ఆ గుంపులో ఏది ఆ చిలుకో మాకెవరికీ తెలియకుండా పోయింది.

అయినా వానలు తగ్గాక పెద్దమ్మ మళ్లీ రోజూ దిగసాగింది. ఒకరోజు నేను పల్లీలు ఎక్కువ పోశానని ఎడమచెయ్యి విదిలించి విసుక్కుంది. ఆ విసుగు ఒకప్పుడు ఏ గొంతులో వచ్చి ఉండేదో నాకు తెలుసు. "తగ్గిస్తానండి పెద్దమ్మా," అన్నాను, నిజంగా తిట్టు తిన్నదానిలా.