వేడిగాలి మా వైపు

మా అన్న మండపానికి ఏసీ బిగించింది నేనే. ఆ సంగతి మా వీధిలో అందరికీ తెలుసు. ఆ మిషను విడిచే వేడిగాలి ఎవరింటి మీదికి పోతుందో కూడా అందరికీ తెలుసు. అయినా ఆ రెండు సంగతులనూ కలిపి ఎవరూ నా ముందు మాట్లాడరు. తమిళనాట ఈ రాజపాళయంలో తెలుగు మాట్లాడే మావాళ్లకు ఆపాటి మర్యాద ఉంది.

మాది మంసాపురం. నాన్న అక్కడ పొలం కొంత అమ్మి టౌన్లో ఒక స్థలం కొన్నాడు. వెడల్పు తక్కువ, పొడవు ఎక్కువ. ఆయన పోయాక వీధి వైపు సగం అన్నకు, వెనక సగం నాకు వచ్చింది. పంపకంలో ఒక్క మాట పెరగలేదు. అన్న దూది వ్యాపారంలో ఉండేవాడు. నేను కోయంబత్తూరులో ఏసీ పని నేర్చుకుని వచ్చి పాత బస్టాండు దగ్గర చిన్న షాపు పెట్టుకున్నాను. మిల్లు ఆఫీసులు, నగల కొట్లు, పంటి డాక్టర్లు, వేసవిలో ఇళ్లు. పనికి కొదవ లేదు.

నా భార్య ఇంట్లోనే గాజు బట్ట మడతలు వేసేది. ఆస్పత్రుల్లో కట్లకు వాడే పలచటి తెల్లబట్టను కొలతకు కత్తిరించి, అంచు దారం లోపలికి పోయేలా మడిచి, కట్టలు కట్టి కంపెనీకి ఇవ్వాలి. మరక ఉండకూడదు, తేమ తగలకూడదు. మా తూర్పు గదిలో కిటికీ పక్కన చాప వేసుకుని కూర్చునేది. అక్కడ వెలుతురు బాగుండేది, గాలి వచ్చేది. ఆ కిటికీకీ అన్న స్థలానికీ మధ్య ఒక సందు మాత్రమే. మనిషి సైకిలు నడిపించుకుంటూ పోగలిగినంత సందు.

అన్న తన దూది గోడౌను కప్పు తీయించి, ఆ పాత గోడల మీదే చిన్న మండపం కట్టాడు. పెద్ద కల్యాణాలకు కాదు. పెళ్లి నిశ్చయాలు, సీమంతాలు, చెవికుట్లు, అట్లాంటి వాటికి. ఇప్పుడు ఊళ్లో ఏసీ లేని హాలును ఎవరూ అడగరు. నాకు చెబుతాడు, ఏ మిషను మంచిదో నన్ను అడుగుతాడు అనుకున్నాను. ఒక పొద్దున ఫోను చేసి, మధురై నుంచి లారీ వచ్చింది, దింపాలి రా అన్నాడు. పోయి చూస్తే లారీ మీద పెద్ద ఇనప పెట్టె. మూసేసిన బట్టలకొట్టు నుంచి కొన్నాడట, పాతది.

దాన్ని ప్యాకేజ్ యూనిట్ అంటాం. ఇళ్లల్లో ఉండే ఏసీకి లోపలొకటి, బయటొకటి రెండు భాగాలుంటాయి. దీనికి అన్నీ ఒకే పెట్టెలో ఉంటాయి, ఆ పెట్టె బయటే ఉంటుంది. గోడకు కన్నం పెట్టి రేకు గొట్టం గుండా చల్లగాలిని హాల్లోకి పంపాలి. హాల్లో కూర్చున్న వందమంది వేడినీ, తన వేడినీ కలిపి అది బయటికి తోసేస్తుంది. కొన్ని పైకి తోస్తాయి. అన్న కొన్నది పక్కకు తోసే రకం. లారీ మీదే చుట్టూ తిరిగి చూశాను. పొడుగు వైపున రెండు పెద్ద ఫ్యాన్లు. అవి ఎటు తిరిగి ఉంటే వేడి అటు పోతుంది.

ఎక్కడ పెట్టాలన్న మాట వచ్చింది. మేడ మీద పెడదామన్నాను. పాత గోడల మీద లేచిన కప్పు, అంత బరువు ఆపదు కాబట్టి కింది నుంచి ఇనప స్తంభాలు లేపి దూలం వేయాలి. దానికి చాలా దినాలు పడతాయన్నాడు అన్న. మొదటి నిశ్చయానికి హాలు అప్పటికే ఇచ్చేశాడు. వీధి వైపు పెడితే ముఖద్వారం చెడిపోతుంది. ఉత్తరం వైపు వంటవాళ్లు, జనరేటరు. దక్షిణం వైపు సందు మా సందుకన్నా వెడల్పే, అటు పెట్టమన్నాను. ఆ వైపు ఒక వకీలు ఇల్లుంది.

"పరాయివాళ్ల ఇంటిమీదికి వేడి విడిస్తే కేసు వేస్తారురా," అన్నాడు అన్న. "మన ఇంటిమీదికి అయితే అడిగేది ఎవురు?"

నవ్వుతూనే అన్నాడు. కోపంతో అని ఉంటే నేనూ ఏదో ఒకటి అనగలిగేవాణ్ణి. మన ఇల్లు అన్నాడు. పంపకమైన ఇన్నేళ్లకు మా ఇంటిని మన ఇల్లు అనడం నేను వినడం అదే మొదలు.

ఇంటికి పోయి నా భార్యకు చెప్పాను. ఆమె కట్ట కడుతూ ఉంది. చేయి ఆపలేదు. కిటికీ వైపు చూసి ఒకటే అడిగింది.

"జన్నల్ తెరవొచ్చునా?"

తెరవొచ్చు, ఆ గాలి పైకి పోయేలా రేకుతో గూడు చేసి బిగిస్తానని చెప్పాను. నేను చేయనంటే అన్న ఇంకెవరినో పిలుస్తాడని, వాడు గూడు మాట కూడా తలవడని చెప్పాను. అది నిజమే. ఆమె తల ఊపింది.

క్రేను సందులోకి రాలేదు. ఇనప పైపులు పరిచి, వాటి మీద దొర్లిస్తూ, పెట్టెను వెనక్కి తోసుకొచ్చాం. నేనూ తోశాను. సిమెంటు దిమ్మె వేయించి, అదురు ఇళ్లకు పాకకుండా కింద రబ్బరు దిండ్లు పెట్టాను. నీళ్లు నిలవకుండా, అవి బయటికి పోయే గొట్టం వైపుకు కొంచెం వాలు ఉంచాను. గోడ కోసి, గొట్టాలు కలిపి, కలిపిన చోట కాన్వాసు చుట్టి, పైన దళసరి ఉన్నిలాంటిది కప్పాను. కరెంటు ఇచ్చిన మొదటిసారి ఎర్ర దీపం వెలిగి మిషను కదల్లేదు. మూడు తీగల వరస తారుమారైంది. రెండింటిని మార్చాను. ఫ్యాను బెల్టు వదులుగా ఉంటే బిగించాను. హాల్లో ఒక మూల చలి, ఒక మూల ఉక్క లేకుండా గాలి వచ్చే ప్రతి జాలీ దగ్గరా నిలబడి సరిచేశాను. చలిని కొలిచే పెట్టెను వంటగది తలుపు పక్కన కాకుండా, గాలి వెనక్కి పోయే చోట పెట్టాను. ఇరవై నాలుగు డిగ్రీల దగ్గర ఉంచాను. పని బాగా చేశాను. ఇప్పటికీ ఆ మాట ఎవరి ముందైనా చెబుతాను.

అన్న మొదటి చల్లగాలి కింద కళ్లు మూసుకుని నిలబడ్డాడు. నా భుజం మీద చేయి వేసి, నువ్వు నా కుడిభుజంరా అన్నాడు. నేను వెనక్కి వచ్చి చూసేసరికి నా భార్య కిటికీ దగ్గర ఉంది. ఆమె ఒడిలోని బట్ట గాలికి లేచి ముఖానికి చుట్టుకుంటోంది. పెనం మీది నుంచి వచ్చే గాలిలా ఉంది. కిటికీ ఊచలు పట్టుకుంటే కాలాయి.

మర్నాటి నుంచి గూడు పని పట్టాను. లేతు షాపులో రేకు వంచించి, ఫ్యాన్ల ముందు బిగించి, గాలి మా పిట్టగోడ దాటి పైకి పోయేలా చేశాను. మిషనుకు ఊపిరాడేంత ఖాళీ ఉంచాను. చప్పుడు ఎక్కడికీ పోలేదు గానీ వేడి తగ్గింది. కిటికీ సగం తెరిచి ఆమె మళ్లీ కూర్చుంది. ఆ ఏడు కొన్ని ముహూర్తాలు అట్లాగే గడిచాయి. మిషను ఒక్కసారి కూడా ఆగలేదు.

కత్తిరి ఎండలు వచ్చాయి. మే నెలలో ఆ కొన్ని దినాలు మా ఊళ్లో మిట్టమధ్యాహ్నం కుక్కలు కూడా తిరగవు. అట్లాంటి దినాన మండపంలో ఒక నిశ్చయం. నేను సేత్తూరులో ఒక డాక్టరు ఇంట్లో పని మీద ఉన్నాను. అన్న ఫోను చేశాడు. మిషను ఆగిపోయింది, తాంబూలాలు మార్చుకునే వేళకు హాలంతా ఉక్క, మగపెళ్లివాళ్లు బయటికి వచ్చి నిలబడినారు అన్నాడు. పని వదిలేసి బండి మీద వచ్చాను.

వచ్చేసరికి గూడు సందులో పడి ఉంది. విప్పలేదు, గడ్డపారతో పెకలించారు. రేకు మధ్యకు వంగిపోయింది. మండపం వాచ్‌మన్ గడ్డపార పట్టుకుని అక్కడే ఉన్నాడు. "అణ్ణాచ్చి దాన్ ఎడుక్క సొన్నారు," అన్నాడు తమిళంలో, నా ముఖం చూడకుండా. గూడు వల్లే గాలి ఆడలేదని అన్నే తీసేయమన్నాడట.

నేను మిషను వెనక్కి పోయి కాయిల్ చూశాను. గాలి లోపలికి పీల్చే ఆ జల్లెడ నిండా దూది పట్టి ఉంది, దుప్పటి కప్పినట్టు. మా ఊరి గాలిలోనే దూది ఉంటుంది. చుట్టూ జిన్నింగు, స్పిన్నింగు మిల్లులు. నెలకొకసారి కడగమని వాచ్‌మన్‌కు చూపించి పోయాను, వాడు కడగలేదు. గాలి ఆడక మిషను తనను తాను కాపాడుకోవడానికి ఆగింది. చేత్తో గీకితే దూది పొరలు పొరలుగా వచ్చింది. పైపుతో నీళ్లు కొట్టి కడిగి, మీట నొక్కాను. నడిచింది. ఆ దూదిని గుప్పిట పట్టుకుని అన్న దగ్గరికి పోయాను. హాలు వెనక వాకిట్లో వదిన, ఆమె తమ్ముడు, ఇంకా మావాళ్లు కొంతమంది ఉన్నారు.

"ఇదే అన్నా, కారణం. గూడు కాదు," అన్నాను.

"ఏదో ఒకటి. ఇప్పుడు నడస్తా ఉండాది గదా. ఆ రేకు మళ్లా పెట్టవద్దు."

"గూడు లేకుండా నా ఇంట్లో ఎట్లుండేదన్నా?"

"ముహూర్తం ఉండే దినాలేగదరా. ఆ దినాలు జన్నల్ మూసుకోండి."

వదిన చల్లగా అంది, "మీరూ ఒక ఏసీ పెట్టించుకోండి. మెకానిక్ మీరేగదా."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. చెడ్డగా నవ్వలేదు, మామూలుగా నవ్వారు. నా చేతిలోని దూది తడిసి వేళ్లకు అంటుకుపోయింది. దాన్ని ఎక్కడ పారేయాలో తెలియక అట్లాగే పట్టుకుని ఇంటికి వచ్చాను. నా భార్య కిటికీ మూసేసి ఉంది. గోడకు ఇటు వైపు నుంచి ఆమెకు అన్నీ వినబడ్డాయి.

అప్పటి నుంచి నేను ఆ మిషను ముట్టలేదు. అన్న మధురై నుంచి ఒకణ్ణి పిలిపించుకున్నాడు. వాడు వచ్చి చలిని పద్దెనిమిదికి దించి పోయాడు. హాలు ఎంత చల్లబడితే మా సందు అంత కాగుతుంది. మండపం పేరు బాగా వచ్చింది. ముహూర్తాలు లేని ఆషాఢంలో కూడా పుట్టినదినాలు, కంపెనీ మీటింగులు మొదలయ్యాయి. ముహూర్తం ఉండే దినాలే అన్న మాట ఆ ఏడుతోనే పోయింది. ఫిర్యాదు చేయవచ్చని నాకు తెలుసు. మంసాపురం నుంచి చిన్నాన్న ఒకసారి వచ్చి, అన్నతమ్ముళ్ల మధ్య మునిసిపాలిటీ ఎందుకని బతిమాలాడు. అన్న దగ్గరికి పోయి కూడా ఏదైనా చెప్పాడా అని అడిగాను. వాడు పెద్దోడు గదా అన్నాడు.

కిటికీ మూసి, ట్యూబ్‌లైట్ వేసుకుని, నా భార్య కొన్నాళ్లు పని సాగించింది. ఫ్యాను వేస్తే పలచటి బట్ట ఎగిరిపోతుంది, వేయకపోతే చేతుల చెమట బట్టకు అంటుతుంది. ఒక వారం ఆమె ఇచ్చిన కట్టలు మరకలున్నాయని వెనక్కి వచ్చాయి. పెళ్లయినప్పటి నుంచి ఆమె చేసిన పనిలో ఒక్క కట్ట వెనక్కి రాలేదు. వాటిని చాప మీద పరిచి చాలాసేపు చూసింది. తర్వాతి సోమవారం నుంచి టౌన్ బస్సెక్కి కంపెనీకే పోతోంది. అక్కడ పొద్దంతా నిలబడి చేయాలి. సాయంత్రం వచ్చేసరికి పాదాలు ఉబ్బి ఉంటాయి. వేరే ఇల్లు చూద్దామన్నాను. "ఇది మనదిగదా," అంది. అందులో ఎత్తిపొడుపు ఉందో లేదో నాకు అర్థం కాలేదు, అడగలేదు.

కిటికీని ఇటుకలతో మూయించాలన్నది ఆమే. మూసి ఉన్నా చెక్క సందుల్లోంచి వేడి దూరుతూనే ఉంది, చప్పుడు కూడా. ఇటుక పని చేసే కొత్తనారు వచ్చి పైన గాలికి చిన్న కన్నం వదలమంటారా అని అడిగాడు. వద్దంది. మధ్యాహ్నానికి పని అయిపోయింది. గదిలో పగలు ఏదో రాత్రి ఏదో తెలియకుండా పోయింది.

అవతలి వైపు పూత పూయడానికి నేను అతణ్ణి మళ్లీ ఆదివారం రమ్మన్నాను. అంతలోపలే అన్న మనుషులు పూసేశారు. మండపానికి వేసిన రంగే, లేత పసుపు, మా గోడకంతా కింది నుంచి పై దాకా వేశారు. మమ్మల్ని అడగలేదు. ఆ సందులో నిలబడి చూస్తే మా ఇల్లు మండపంలో ఒక గదిలాగా ఉంది.

ఆ సాయంత్రం నా భార్య బస్సు దిగి వస్తుంటే వదిన వాకిట్లో ఎదురుపడింది. నేను లోపల బండి తుడుస్తూ ఉన్నాను, ఇద్దరి మాటా వినబడింది.

"ఇప్పుడు గోడ చూసేదానికి బాగుండాది," అంది వదిన.

"బాగుండాదక్కా," అంది నా భార్య. చెప్పులు విడిచి, లోపలికి వచ్చి, తూర్పు గదిలో లైటు స్విచ్చు వేసింది.