ఎవరూ నవ్వని దేశం

మాది మర్రిగూడ దగ్గర ఒక ఊరు. నల్లాల్లో కృష్ణా నీళ్లు వచ్చేనాటికి నేను ఇంటర్ చదువుతున్నాను. అప్పటికే ఫ్లోరైడ్ బోరు నీళ్లు నా పళ్ల మీద తమ పని పూర్తి చేశాయి. ముందుపళ్ల నిండా గోధుమరంగు చారలు. ఊళ్లో అందరివీ అవే కాబట్టి ఎవరూ పట్టించుకోరు. డిగ్రీకి నల్లగొండ వెళ్లాకే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడటం మొదలుపెట్టాను. ఎమ్మెస్సీ అయ్యేసరికి చదువులో ఏమోగానీ ఆ విద్యలో మాత్రం ఆరితేరాను.

భూగర్భజలాల మీద విదేశంలో చదవాలని హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీకి వెళ్లాను. అక్కడతను నాలుగు దేశాల పుస్తకాలు ముందు పెట్టి తీరిగ్గా చూసుకోమన్నాడు. కోర్సులు, వీసా నిబంధనలు అన్నీ వాటిలో ఉన్నాయి. నేను బొమ్మలు చూశాను. ఆస్ట్రేలియాలో పిల్లలు గడ్డిలో కూర్చుని నవ్వుతున్నారు. కెనడాలో మంచులో నిలబడి కూడా నవ్వుతున్నారు. ఐర్లాండ్‌లో గొర్రెను పట్టుకుని మరీ నవ్వుతున్నారు. ఫిన్లాండ్ పుస్తకంలో మాత్రం ఒకమ్మాయి ముక్కు దాకా మఫ్లర్ చుట్టుకుని సరస్సును చూస్తోంది. తర్వాతి పేజీలో ఒక ప్రొఫెసర్ మూతి బిగించుకుని ఉన్నాడు. పుస్తకమంతా తిరగేశాను. ఎక్కడా ఒక్క పన్ను కనబడలేదు.

"ఇదే," అన్నాను.

"ఏం చూసి డిసైడ్ అయిండ్రు మేడమ్?"

"సిలబస్."

బాపుకు చెప్తే, "గాడ మనోళ్లెవరున్నరు బిడ్డా?" అన్నాడు.

"ఎవ్వరు లేరు బాపూ."

"మరి గంత దూరం ఎందుకు?"

"చదువు మంచిగుంటది," అన్నాను. పత్తి చేలో నిలబడే ఆయన సరే అన్నాడు.

ఫిన్లాండ్ యూనివర్సిటీ ప్రొఫెసర్‌తో వీడియోలో ఇంటర్వ్యూ. బాపు మంచం మీద, తెరకు కనబడకుండా, నా పక్కనే కూర్చున్నాడు. మీ దేశపు పరిశోధనా వాతావరణం అద్భుతమంటూ, బట్టీపట్టిన జవాబును చెయ్యి అడ్డం పెట్టుకుని అప్పజెప్పాను. మాట సరిగ్గా వినబడటం లేదన్నాడు ప్రొఫెసర్. మైకు పాడైందన్నాను. చెయ్యి తీసి మాట్లాడమన్నాడు. తీశాను. ఆయన తెర దగ్గరికి వంగి నా పళ్ల వంకే చూశాడు. మిగతా జవాబు మొత్తం మరిచిపోయాను.

ఇంగ్లీషు రాని బాపుకు నా ముఖం చూసి కంగారు పుట్టింది. "ఏమంటుండు బిడ్డా? పళ్లు చూపియ్యమంటుండా? నావి జూడుమను," అంటూ తెరలోకి తల పెట్టి, నోరు తెరిచి చూపించాడు.

భూమి చీలితే బాగుండుననుకున్నాను. ప్రొఫెసర్ మాత్రం కుర్చీ ముందుకు లాక్కున్నాడు. బోరు ఎంత లోతు? ఎన్నేళ్లు తాగారు? బోరులో తగిలిన రాయి ఏ రంగు? బాపు అన్నింటికీ జవాబు చెప్పాడు. ఏ బోరులో నీళ్లు చప్పగా ఉండేవో, ఏ బోరు నీళ్లు బర్రెలు ముట్టేవి కావో, ఒకదాని తర్వాత ఒకటి. అరగంట పాటు నేను తర్జుమా చేస్తూ కూర్చున్నాను. వాళ్ల దేశంలోనూ ఒక మూల, నీళ్లలోకి ఫ్లోరైడ్ వదిలే ఇలాంటి రాయే ఉందని, అక్కడి బావుల్లోనూ ఇదే బాధని ఆ ప్రొఫెసర్ చెప్పేదాకా, నేను ఎంచుకున్న దేశం గురించి నాకా సంగతే తెలియదు.

సీటు వచ్చింది. నాకు వచ్చిందో బాపుకు వచ్చిందో ఇప్పటికీ అనుమానమే.

వెళ్లిన మొదటి వారమే తేలిపోయింది, వాళ్లూ పగలబడి నవ్వుతారు. క్యాంటీన్‌లో నా పక్కన కూర్చునే అమ్మాయి నవ్వితే బల్ల కదిలేది. ఫొటోలు తీసినవాడే మూడీ మనిషి అయ్యుంటాడు.

చదువు ముగించి వచ్చి, ఇప్పుడు నల్లగొండలో నీటి పరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. పోయిన నెల అచ్చంపేట నుంచి ఒక అమ్మాయి వచ్చి, ఏ దేశం వెళ్లాలో చెప్పమంది. కోర్సు చూసుకో, గైడ్ ఎవరో కనుక్కో, వీసా నిబంధనలు చదువుకో అని గంటసేపు చెప్పాను. అన్నీ శ్రద్ధగా రాసుకుంది.

"మీరు గూడ గివన్నీ చూసుకునే పోయిండ్రా అక్కా?"

"నేనెట్ల పోయిన్నో చెప్తే, రాసుకున్నదంత కొట్టేస్తవ్," అన్నాను.

ఆ పిల్ల పుస్తకం మూసి, కుర్చీ దగ్గరికి జరుపుకుంది. ఇక చెప్పక తప్పలేదు.