పిడికెడు నిమిషాల డబ్బా

ఇప్పుడైతే సాయంత్రం రైలు అరగంట ఆలస్యంగా వచ్చినా విరుదునగర్ ప్లాట్‌ఫారం మీద నిమ్మళంగా కూర్చుంటాను గాని, ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు ఒక్క నిమిషం వృథా అయితే పాపం చుట్టుకున్నంత భయం. దానికి కారణం మా పాస్టరయ్య. దేవుడిచ్చిన ప్రతి దినానికీ ఒకనాడు ఆయనకే జవాబు చెప్పుకోవాలని ఒక ఆదివారం ప్రసంగించాడు. కోవిల్‌పట్టిలోని మా చర్చిలో మిగతా వాళ్ళంతా ఆ మాట విని, ఆమెన్ చెప్పి, అన్నాలకు వెళ్ళిపోయారు. నేను మాత్రం ఇంటికొచ్చి డైరీ తెరిచాను. (నాకు కష్టమొచ్చినా సుఖమొచ్చినా డైరీ తెరవడమే తెలుసు. మనుషులతో చెప్పుకోవాలంటే నోరు పెగలదు.)

మా సంఘంలో ఒక పాత అలవాటు ఉంది. అన్నానికి ఎసరు పెట్టినప్పుడల్లా ఇంటి ఆడవాళ్ళు దేవుడి పేరన పిడికెడు బియ్యం తీసి వేరే డబ్బాలో వేస్తారు. ఏడాదికొకసారి కృతజ్ఞత పండుగనాడు ఆ డబ్బాలూ, గుమ్మడికాయలూ, అరటిగెలలూ, కోళ్ళూ అన్నీ చర్చికి చేరతాయి. ఆరాధన కాగానే వాటిని వేలం వేస్తారు. బియ్యం లాగే నిమిషాలను ఎందుకు తీసిపెట్టకూడదని నాకు తోచింది. ఇంట్లో మిగిలిన ఖాళీ బియ్యపు డబ్బా ఒకటి తీసుకున్నాను. రోజులో ఎక్కడ సమయం మిగిల్చినా ఒక చీటీ మీద రాసి అందులో వేయడమే. ఎవరూ చదవకుండా తెలుగులో రాసేదాన్ని. మేము ఇంట్లో తెలుగే మాట్లాడతాం గాని, తమిళనాట పుట్టి పెరగడం వల్ల అందరి చదువూ తమిళమే. చనిపోయిన తాతయ్య పెట్టెలో దొరికిన తెలుగు పుస్తకాలతో కుస్తీ పట్టి నేనొక్కదాన్నే ఆ అక్షరాలు నేర్చుకున్నాను.

ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచీ అవ్వ నన్ను వదల్లేదు. తాతయ్య ఉన్నన్నాళ్ళూ సాయంత్రం పూట తన తెలుగు వేదం (బైబిలును మేము అలాగే అంటాం) ఆమెకు చదివి వినిపించేవాడు. ఆయన పోయాక ఆ పుస్తకం తెరిచిన వాళ్ళు లేరు. నేను విరుదునగర్‌లో పప్పుల కొట్టు బిల్లులన్నీ రాసి, రైలు దిగి ఇల్లు చేరగానే, "ఏమే, పది నిమిషం కూకోని చదవరాదా? తాత గొంతు మాదిరి లేకున్నా పరవాలే" అనేది. "నాకు టైం లేదవ్వా" అని లోపలికి పోయి, పది నిమిషాలు మిగిలాయని చీటీ రాసేదాన్ని. (మిగిల్చిన ఆ పది నిమిషాల్లో ఏం చేసేదాన్నని అడుగుతారేమో. మిగిల్చిన సంగతి డైరీలో వివరంగా రాసుకునేదాన్ని.)

పండుగనాడు, ఎవరికీ తెలియకుండా దేవుడికిద్దామని, నా డబ్బాను బియ్యపు డబ్బాల వరుసలో పెట్టి వెనక బెంచీలో కూర్చున్నాను. దేవుడికిచ్చినవన్నీ వేలం పాటకెళతాయని పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదాన్నే, ఆ పూట ఎలా మరిచానో తెలియదు. వేలం వేసేది చర్చి గంట కొట్టే పెద్దాయన. ఆయన్ని అందరం గంట మామ అంటాం. నా డబ్బాను చెవి దగ్గర ఆడించి, "ఏమిది, బియ్యం చప్పుడే లేదు!" అని మూత తీశాడు. ఒక చీటీ పైకి తీసి, తిప్పి చూసి, "తెలుగు! ఇది చదివే పిల్ల మనలో ఒకతే ఉంది. రామ్మా, చదువు" అన్నాడు. (ఆయన తమిళంలోనే అన్నాడు. సిగ్గుకు భాషతో పనిలేదు.)

వెళ్ళాను. చేతిలో చీటీ ఇలా ఉంది: అవ్వ పిలిస్తే వినపడనట్టు ఉన్నాను, పది నిమిషాలు. నేను గట్టిగా, తమిళంలో, "ప్రార్థన, పది నిమిషాలు" అని చదివాను. "స్తోత్రం!" అంది సభ. గంట మామ ఇంకొకటి అందించాడు: పక్కింటి అత్త వస్తే నిద్ర నటించాను, ఇరవై నిమిషాలు. ఆ అత్త ముందు బెంచీలోనే కూర్చుని నన్నే చూస్తోంది. "ఇరుగుపొరుగు వాళ్ళ క్షేమం కోసం... ఇరవై నిమిషాలు" అన్నాను. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. దేవుడి సన్నిధిలో, దేవుడికిచ్చిన చీటీ పట్టుకుని, వరసగా రెండు అబద్ధాలు. మూడోది అందుకునేలోపు అవ్వ లేచి నిలబడి, తను ఇచ్చిన కోడిపెట్ట పలికిన ధరకన్నా ఎక్కువకే ఆ డబ్బాను పాడేసింది. ఎవరూ పోటీకి రాలేదు. డబ్బా ఒడిలో పెట్టుకుని ఇంటికి తెచ్చింది.

గడపలో కూర్చుని, "ఇంగ చదువు" అంది.

"అక్కడ చదివాను గదవ్వా."

"అక్కడ చదివినట్టు గాదే. ఉండేది ఉండేట్టు చదువు. నీ మొగం చూస్తే నాకి తెలీదా?"

చదివాను. ఒకటి, రెండు, పది. రైల్లో పక్కామె పలకరిస్తే సాత్తూరు దాకా కళ్ళు మూసుకుని ప్రార్థన నటించిన చీటీకి అవ్వ ఫక్కున నవ్వింది. తన చీటీలు వచ్చినప్పుడు మాత్రం నవ్వలేదు.

"నా పేరుతో శానా ఉండాయే" అంది చివరికి.

"అవే ఎక్కువవ్వా."

"ఏడస్తావేందే? మంచిదే గదా. నేను పాట పాడి కొన్నాను, ఇంగ అవన్నీ నావి. దినానికి ఒకటి అడిగి తీసుకుంటా. పో, తాత వేదం తీస్కోని రా."

"ఎక్కడినుంచి చదవాలి?"

"ఆయన నిలిపిన కాడ్నుంచి."

తాతయ్య గుర్తుగా పెట్టుకున్న వేపాకు ఈనె ఇంకా ఆ పేజీలోనే ఉంది. నేను తడబడుతూ కూడబలుక్కుని చదువుతుంటే, తప్పు పోయిన చోటల్లా అక్షరం ముక్క రాని అవ్వ విన్న జ్ఞాపకంతో దిద్దింది.

పక్కింటి అత్తకు నిజం చెప్పే ధైర్యం నాకు ఇంతవరకూ రాలేదు. ఆమె వచ్చినప్పుడల్లా కాఫీ మాత్రం నేనే కలిపి, పక్కనే కూర్చుంటాను. అవ్వ ఇప్పటికీ సాయంత్రం డబ్బాలోంచి ఒక చీటీ తీసి నా చేతిలో పెడుతుంది. చదవడం అయ్యాక దాన్ని అవ్వ చించి పారేయాలని మా ఒప్పందం. అయితే నిన్న ఇచ్చిన చీటీని నేను ఇంతకుముందు కనీసం మూడుసార్లు చూశాను. నేను కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళగానే ఆ చీటీ మళ్ళీ డబ్బాలోకి వెళ్ళిపోతోంది. నిమిషాలు లెక్కపెట్టే ఆ పాత పిల్ల అయితే మొదటి రోజే పట్టేసేది. నేను మాత్రం మూత చప్పుడు ఆగేదాకా పెరట్లోనే ఉండి, కాళ్ళు మరోసారి కడుక్కుంటాను.