నలభై నాలుగో కంప్యూటర్

2014. శంషాబాద్ విమానాశ్రయం దగ్గర, విమానాల్లో సరుకు పంపే ఒక కార్గో కంపెనీలో సిస్టమ్స్ అడ్మిన్‌గా చేరి అప్పటికి ఐదు నెలలు. ఆరు నెలలు ప్రొబేషన్. పది నెలల పాపను మైలార్‌దేవ్‌పల్లిలో మా అత్తగారికి అప్పగించి, ఆవిడ పాలసీసా మరిగించారో లేదోనని దారంతా భయపడుతూ ఆఫీసుకు వచ్చేదాన్ని. గ్యాస్ కట్టేశానా అని మూడుసార్లు చూసుకునే రకాన్ని.

నా ఉద్యోగమూ అలాంటిదే. ఏ కంప్యూటర్‌లో ఏ సాఫ్ట్‌వేర్ ఉంది, ఎంత పాతది, వైరస్ దూరడానికి అందులో కంతలున్నాయా అని చూస్తూ ఉండాలి. ఆ కంతలు పూడ్చడానికి తయారీదారులు పంపేదాన్ని ప్యాచ్ అంటారు, చిరిగిన చొక్కాకు మాసిక లాంటిది. ఆ ఏడాది ఏప్రిల్‌తో విండోస్ ఎక్స్‌పీకి ప్యాచ్‌లు రావడం ఆగిపోయింది. అందుకని ఎక్స్‌పీ ఉన్న ప్రతి కంప్యూటర్‌నూ వెతికి మార్చాను. ఆఫీసు యంత్రాలన్నీ రాసిన రిజిస్టరులో మొత్తం నలభై మూడు కంప్యూటర్లు.

ఒక మందుల కంపెనీ తన సరుకు మాకు అప్పగించే ముందు ఆడిటర్‌ను పంపుతానంది. నెట్‌వర్క్‌లో ఒక్క పాత యంత్రం కనిపించినా ఒప్పందం లేనట్టే. మా ఎండీ గారు కోస్తా మనిషి, మర్యాదగా మాట్లాడతారు. భయపెట్టేటప్పుడు ఇంకా మర్యాదగా మాట్లాడతారు.

"అమ్మా, శుక్రవారం ఆడిటర్ గారు వస్తున్నారు. అది సవ్యంగా జరిగితే మీ ఉద్యోగం ఖాయం చేద్దాం. జరగకపోతే ఏం చేయాలో మీకు నేను చెప్పక్కర్లేదు."

మంగళవారం స్కానర్ నడిపాను. నెట్‌వర్క్‌లో ఉన్న యంత్రాలన్నింటినీ వెతికి చూపే సాఫ్ట్‌వేర్ అది. నలభై నాలుగు చూపించింది. ఆ చివరిది ఎక్స్‌పీ. 2008 నుంచి ఒక్క ప్యాచ్ కూడా పడలేదు.

గోడౌన్, అకౌంట్స్, సెక్యూరిటీ గది అన్నీ తిరిగాను. బల్లల కింద పాకాను. వైర్లు పట్టుకుని పోదామంటే అవి ఫాల్స్ సీలింగ్‌లో దువ్వని జుట్టులా ఉన్నాయి. బుధ, గురువారాలూ గడిచాయి. రోజూ పొద్దున ఆఫీసు పూజగదిలో పాటలు మోగుతుంటే అందరితోపాటు నేనూ దండం పెట్టుకునేదాన్ని. "స్వామీ, ఆ కంప్యూటర్ దొరికేలా చూడు" అని మొక్కాను.

శుక్రవారం పదింటికి చివరి ఉపాయం. మా కంప్యూటర్లన్నింటికీ అడ్మిన్ పాస్‌వర్డ్ ఒకటే. అది పెద్ద తప్పు, ఆ రోజు అదే నన్ను కాపాడింది. నా బల్ల దగ్గర నుంచే ఆ యంత్రంలోకి వెళ్లి, నిమిషానికోసారి సీడీ ట్రే తెరుచుకుని మూసుకునేలా కమాండ్ ఇచ్చాను. "ఎక్కడైనా ట్రే బయటికి వస్తే కేకేయండి" అని అందరికీ చెప్పాను. ఎవరూ కేకేయలేదు.

పావుగంటకు, ఆఫీసు ఊడ్చే యాదమ్మ చీపురు పట్టుకునే పరుగెత్తుకొచ్చింది. ఆమెది పక్కనే ఉన్న మంఖాల్ ఊరు.

"బిడ్డా, జల్దిన రా! దేవుడు నాలుక చాపుతుండు!"

పూజగదిలో పటాల కింద, పట్టుబట్ట కప్పిన పీఠం. బట్ట కొంచెం పైకి లేచింది, బూడిదరంగు ట్రే బయటికి వచ్చింది. యాదమ్మ చెంపలేసుకుని దాని మీద పటికబెల్లం ముక్క పెట్టింది. నేను ఆపేలోపే ట్రే లోపలికి పోయింది.

"తీస్కున్నడు!" అంది యాదమ్మ, కళ్లనీళ్లతో.

బట్ట తీశాను. పసుపు, కుంకుమ, దండ, కింద కంప్యూటర్. మూడు రోజులుగా నేను మొక్కింది దీని ముందే.

"ఇది ఇక్కడున్నట్టు నీకు తెలుసా?"

"రోజు తుడుస్తనే ఉన్న గద. నన్నెవలడిగిన్రు?"

ఎండీ గారు వచ్చారు. బేగంపేట రోజుల్లో కొన్న మొదటి కంప్యూటర్ అట. 2008లో విమానాశ్రయంతో పాటు ఆఫీసు ఇక్కడికి మారినప్పుడు పాలు పొంగించి, ముందు దీన్నే లోపలికి తెచ్చారట. భక్తి పాటలు మోగేది ఇందులోంచే.

"దీన్ని ఆపడానికి వీల్లేదమ్మా. ఆరేళ్లుగా ఆగలేదు."

"ఆపొద్దు సార్. నెట్‌వర్క్ వైరు తీస్తే చాలు."

"వైరు తీస్తే కంపెనీతో దానికి సంబంధం తెగిపోతుంది కదా?"

"మనకు కావలసింది అదే సార్. పాటలు అందులోనే ఉన్నాయి, అవి ఆగవు."

ఆయన గోడ మీది క్యాలెండర్ చూశారు. "పదిన్నర దాటింది, రాహుకాలం. పన్నెండు తర్వాత తీద్దాం."

ఆడిటర్ పదకొండున్నరకే వచ్చారు. నడివయసు ఆవిడ, కళ్లద్దాలు. తన స్కానర్ నడిపి, "రిజిస్టరులో నలభై మూడు. ఇక్కడ నలభై నాలుగు" అన్నారు.

అబద్ధం నోటిదాకా వచ్చింది. ఏదో ప్రింటర్ అని చెప్పొచ్చు. కానీ మాసిక వేశానని చెప్పి వేయకుండా వదిలేస్తే నాకు నిద్ర పట్టదు.

"ఉంది మేడమ్. పాతది. ఈ ఉదయమే దొరికింది. పన్నెండింటికి నెట్‌వర్క్ నుంచి విడదీస్తున్నాం."

"ఇప్పుడే తీయొచ్చుగా?"

నేను ఎండీ గారి వైపు చూశాను. ఆయన పైకప్పు వైపు చూశారు. ఆవిడ తన గడియారం చూసుకుని, "ఓ, శుక్రవారం కదూ!" అన్నారు. "సరే, ఈలోగా టీ ఇప్పించండి. మంచి పని చెడ్డ వేళలో ఎందుకు?"

పన్నెండు దాటి రెండు నిమిషాలకు ఎండీ గారు కళ్లు మూసుకుని స్వయంగా వైరు లాగారు. పాట ఆగలేదు. ఆయన ఊపిరి పీల్చుకున్నారు. స్కానర్ నలభై మూడు చూపించింది. ఆడిటర్ రిపోర్టులో ఇలా రాశారు: "పాత యంత్రాన్ని సొంతంగా గుర్తించారు, దాచలేదు, విడదీశారు." సాయంత్రం ఎండీ గారు నన్ను పిలిచి, ఉద్యోగం ఖాయమన్నారు.

ఆ సంఘటన నాకు నేర్పింది చిన్న విషయం. యంత్రాల లెక్క స్కానర్‌ను అడగాలి, మేనేజర్‌ను అడగాలి, వాటి దుమ్ము దులిపే మనిషిని అందరికంటే ముందు అడగాలి. తర్వాత ఏ ఆఫీసులో చేరినా మొదటి రోజు నా తనిఖీ ఊడ్చేవాళ్ల వెనకే సాగింది. దానికి శ్రీకారం ఆ మరుసటి సోమవారమే చుట్టాను. రిజిస్టరు పట్టుకుని యాదమ్మ దగ్గరికి వెళ్లి, "ఇంకెక్కడైనా కంప్యూటర్లున్నాయా?" అని అడిగాను.

యాదమ్మ చీపురు ఆపి నన్ను ఎగాదిగా చూసింది.

"ఏవి బిడ్డా? నడిచేటియా, వాచ్‌మన్ స్టూలు లెక్క ఏసుకోని కూసునేటియా?"