బీక్యా కూర్చున్న చోటు

హరిలాల్‌కి నలభై ఐదేళ్లు. చూసినవాళ్లు యాభై ఐదుకి తక్కువ చెప్పరు. పదిహేనేళ్లు పట్టాళంలో యుద్ధ ట్యాంకు నడిపి, ఆ పైన తొమ్మిదేళ్లు మహబూబాబాద్ బస్సు డిపోలో బండ్ల కింద వెల్లకిలా పడుకుని పనిచేస్తే ఎవరి ఒళ్లయినా హూనమవుతుంది. కుడి చెవి సరిగ్గా వినపడదు. వంగితే నడుము లేవనివ్వదు, లేస్తే మోకాళ్లు ఊరుకోవు. అతని భార్య తారి ఈ సణుగుడంతా విని విని, ఇప్పుడు కషాయం కూడా కాచి ఇవ్వడం మానేసింది.

రెండువేల పదకొండు సెప్టెంబరులో తెలంగాణ కోసం సకల జనులూ సమ్మెకి దిగారు. బడులు మూతపడ్డాయి, ఆఫీసులకు తాళాలు పడ్డాయి, బొగ్గు గనులు ఆగాయి. డిపోలో బస్సులు వరసకట్టి నిలబడి దుమ్ము కొట్టుకుపోతున్నాయి. హరిలాల్ పొద్దున్నే గేటు ముందు టెంటులో కూర్చుంటాడు, నినాదం వస్తే చెయ్యెత్తుతాడు, మధ్యాహ్నానికి కాళ్లీడ్చుకుంటూ ఇంటికొస్తాడు. ఇన్నేళ్లలో చేతులకు పని లేకపోవడం అతనికి అదే మొదలు. పని లేకపోతే ఒళ్లు తేలికపడుతుందనుకున్నాడు గానీ, మోతీబాయికి ఇచ్చిన మాట రోజుకి నాలుగుసార్లు గుర్తొచ్చి కూర్చోనివ్వడం లేదు.

మోతీబాయిది దంతాలపల్లి దగ్గర తండా. హరిలాల్ పుట్టిందీ అక్కడే. ఆమె కొడుకు బీక్యా, హరిలాల్ కలిసి మేకలు కాశారు, కలిసి పట్టాళంలో చేరారు, ఒకే ట్యాంకుకి వంతులేసుకుని డ్రైవర్లుగా పనిచేశారు. అక్కడున్న కోస్తా తెలుగువాళ్లు వీళ్ల తెలుగు విని నవ్వుతుంటే, వీళ్లు లంబాడి మాటలోకి మారిపోయి వాళ్లని హాయిగా తిట్టుకునేవారు. తొంభై రెండులో, పంజాబులో సైనిక విన్యాసాలు జరుగుతుండగా కాలువ గట్టు విరిగి ట్యాంకు తలకిందులుగా నీళ్లలో పడింది. ముందు కూర్చున్న బీక్యా బయటికి రాలేకపోయాడు. ఎవరి తప్పూ లేదని కాగితాల్లో రాశారు.

అది నిజమే. కాగితాల్లోకి ఎక్కని సంగతి ఒక్కటే ఉంది. ఆ వారం వంతు, ఆ పొద్దుతో సహా, హరిలాల్‌ది. మూడు రాత్రులు కంటిమీద కునుకు లేకుండా బండి తోలాడు. నాలుగో పొద్దున కడుపులో నొస్తోందని బీక్యాతో చెప్పాడు. కడుపులో ఏమీ లేదు, నిద్ర కావాలి, అంతే. బీక్యా నవ్వి, టోపీ బిగించుకుని ఎక్కాడు. హరిలాల్ లారీ నీడన ఒళ్లు తెలియకుండా పడుకున్నాడు. అరుపులకు మెలకువ వచ్చేసరికి అంతా అయిపోయింది.

బీక్యా శవపెట్టెని ఊరికి తెచ్చినవాళ్లలో అతనూ ఉన్నాడు. అప్పుడు చెప్పలేకపోయాడు. తర్వాత పెళ్లిళ్లకి, చావులకి తండాకి పోయినప్పుడల్లా చెబుదామనుకుని, ముసలామె ముఖం చూడగానే నోరు పెగలక తిరిగొచ్చేవాడు. ఆమె ఎప్పుడూ ఒకటే అడిగేది. వాళ్లు మాట్లాడుకునేది లంబాడిలోనే గానీ మనం తెలుగులోనే చెప్పుకుందాం.

"నా కొడుకు కూసున్న జాగ ఎట్లుండె హరీ? కాళ్లు సాపుకునేటందుకు ఉండెనా?"

"ఉండె యాడీ," అనేవాడు. యాడీ అంటే అమ్మా అని.

"బండి ఎంతుండె?"

"పెద్దగుండె."

పందొమ్మిదేళ్లు అంతకు మించి చెప్పలేదు. మొన్న ఆగస్టులో తీజ్ పండుగకి పోయినప్పుడు ఆమె చెయ్యి పట్టుకుని వదల్లేదు. "నా కండ్లు మసకలైతున్నయ్ కొడుకా. ఇంకో ఏడాదైతే నువ్వు సూపెట్టినా నేను సూడలేను," అంది. హరిలాల్ "దసరాకు నా చేతులతోటి చేసి తెస్త, చిన్నగ. చూద్దువు," అనేశాడు. అంటూనే మనసులో ఒకటి గట్టిగా అనుకున్నాడు. బండి ఆమె చేతిలో పెట్టిన రోజునే ఉన్నది ఉన్నట్టు చెప్పేయాలి. అది చెప్పకుండా ఇంక చావడానికి కూడా ఓపిక లేదు.

సమ్మె మొదలైన వారానికి, ఇంటి అరుగు మీద గోనెసంచి పరుచుకుని కూర్చున్నాడు.

లెక్క సులువుగా పెట్టుకున్నాడు. అసలు బండిలో అడుగు, చేతిలోని బండిలో అర అంగుళం. నూనె డబ్బా రేకు కత్తిరించి ఒళ్లు వంచాడు. పైన తిరిగే బురుజు ఎలాగని రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాక, తారి పచ్చడికి కొట్టిన కొబ్బరిచిప్ప కనపడింది. దాని పీచు గీకి, గాజుపెంకుతో నున్నగా చేసి బోర్లించాడు. చక్రాలకి సోడా మూతలు సరిగ్గా సరిపోయాయి. రెండేసి మూతలు ముఖాముఖి అతికించి, పక్కకి ఐదు. మొదటి చక్రానికీ రెండో చక్రానికీ మధ్య ఎడం కాస్త ఎక్కువుండాలి, అది మరిచిపోతే ఆ బండి ఆ బండి కాదు. పాడైన డీజిల్ పైపు ముక్క ఫిరంగి గొట్టమైంది. చక్రాల చుట్టూ తిరిగే పట్టాకి సైకిల్ ట్యూబు కోసి, దాని మీద పక్కకి తొంభై రేకు ముక్కలు అతికించాడు. వాటితో అతని తలప్రాణం తోకకొచ్చింది.

"ఇంట్ల ఉప్పు నిండుకున్నది, గా ట్యాంకు చేసుడు ఎప్పుడైతది?" అంది తారి.

"ఉన్న దొడ్డుప్పు సుత జర ఇటియ్యి," అన్నాడు హరిలాల్. తారి నెత్తి కొట్టుకుంది.

ఉప్పు ఎందుకంటే, అది రంగుల పని. మొదట ఒళ్లంతా ఎర్రటి తుప్పు రంగు వేశాడు. తడి చేసి అక్కడక్కడ ఉప్పు చల్లాడు. ఆరాక పైన ఆకుపచ్చ వేశాడు. అదీ ఆరాక గుడ్డతో రుద్దితే ఉప్పు రాలి, పెచ్చులూడినట్టు కింద తుప్పు తేలింది. డిపోలో ఇన్నేళ్లు తుప్పు కనపడకుండా కప్పడమే అతని పని. ఇప్పుడు పనిగట్టుకుని తుప్పు పుట్టిస్తున్నాడు. ఎడమ పక్క పొగ గొట్టం దగ్గర దీపం మసి పట్టించాడు. వాడేసిన ఇంజన్ ఆయిల్‌ని చీపురుపుల్లతో బొట్టుబొట్టుగా కార్చాడు. డ్రైవరు దిగే గుండ్రటి మూత అంచుకి పెన్సిల్ ముల్లు పొడి రుద్దితే, చేతులు పడీ పడీ రంగుపోయిన ఇనుములా మెరిసింది.

చివరికి మట్టి. మహబూబాబాద్ ఎర్రమట్టి పనికిరాదు, పంజాబు మట్టి బూడిదరంగులో ఉంటుంది. చెరువు ఒండ్రులో పొయ్యి బూడిద కలిపి, తారి చున్నీతో జల్లించి తిట్లు తిని, తుమ్మబంక నీళ్లలో కలిపి పూశాడు. చక్రాల మధ్య మందంగా, పక్కల మీద చిందినట్టు, డ్రైవరు మూత చుట్టూ, లోపలా బూటుతో తొక్కినట్టు. కంటికి ఆనలేదని మూడుసార్లు కడిగి మళ్లీ పూశాడు. బీక్యా ఎక్కిన పొద్దున ఆ బండి ఎలా ఉందో అలాగే ఉండాలి. తళతళలాడే బండి చేసి ఇస్తే అది పిల్లల బొమ్మ, ఆమెకి ఇంకో అబద్ధం. ఇప్పటికే ఒకటి మోయలేకపోతున్నాడు.

డిపో కండక్టరు సంపత్ ఒకరోజు ఇంటికొచ్చి చూసి ఎగిరి గంతేశాడు. "అన్నా, దీనికి జెండా కట్టి టెంట్ల పెడ్దాం! మన మానుకోట మొత్తం దద్దరిల్లుతది!"

"ఇది జెండాలకు చేసింది గాదు తమ్మీ."

"మరి దేనికి?"

హరిలాల్ వంగి చక్రం మీద మట్టి సరిచేయసాగాడు. సంపత్ కాసేపు నిలబడి, ఈ పట్టాళపోళ్లంతా ఇంతే అనుకుంటూ పోయాడు.

దసరాకి ముందురోజు ట్యాంకుని తువ్వాలులో చుట్టి ఒళ్లో పెట్టుకుని ఆటో ఎక్కాడు. బస్సులు లేవు గదా, ఆటోలో తొమ్మిది మంది. ప్రతి గుంతకీ మూటని రెండు చేతులా పైకెత్తి పట్టుకున్నాడు. దారి మధ్యలో సమ్మెవాళ్లు రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంట చేస్తూ ఆటో ఆపారు. మూట విప్పమన్నారు. విప్పాడు. "ఓర్నీ, గిదేందే, బురదల పడ్డదా?" అని ఒకడు వేలు చాచాడు. "ముట్టకు!" అని హరిలాల్ అరిచిన అరుపుకి పక్కనున్న ముసలమ్మ ఉలిక్కిపడింది. తర్వాత అతనికే సిగ్గేసి, వాళ్లు పెట్టిన పులిహోర తిని, జై తెలంగాణ అని కదిలాడు.

మోతీబాయి ట్యాంకుని ఒళ్లోకి తీసుకుంది. కళ్లకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు తిప్పితిప్పి చూసింది. హరిలాల్ మూత తెరిచి, ఆమె వేలు పట్టుకుని ముందు ఎడమపక్కన డ్రైవరు దిగే చిన్న బొక్క మీద పెట్టాడు.

"గీడ యాడీ."

"గింతేనా?"

"గింతే."

"కాళ్లు సాపుకునేటట్టు ఉండె అంటివి గదరా."

హరిలాల్ తల దించుకున్నాడు. ఇదే అదను అనుకున్నాడు. ఆమె వేలు ఆ బొక్క అంచునే తిరుగుతోంది. "రేపొస్త," అని లేచి, తండాలోనే ఉన్న తన అన్న ఇంటికి పోయి మంచం మీద కూలబడ్డాడు. అంత పని చేసీ పిరికివాడిగానే మిగిలానని తనను తాను తిట్టుకున్నాడు.

తెల్లారి పండుగ. తండాలో బండ్లన్నీ బోరింగు దగ్గర స్నానాలు చేస్తున్నాయి. మంగీలాల్ ట్రాక్టరు, ఆటోలు, మోటారు సైకిళ్లు కడిగి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండలు వేస్తున్నారు. నాగళ్లు, కొడవళ్లు కూడా తళతళలాడుతున్నాయి. హరిలాల్ వాటిని దాటుకుని మోతీబాయి గుడిసె ముందుకొచ్చి ఆగిపోయాడు.

ఆమె నీళ్ల తొట్టి పక్కన కాళ్లు చాపుకుని కూర్చుంది. ముందు పెద్ద తాంబాళం, అందులో ట్యాంకు. చెంబుతో నీళ్లు పోస్తూ, కొబ్బరిపీచుతో రుద్దుతోంది. తాంబాళం నిండా బూడిదరంగు నీళ్లు. చక్రాల మధ్య మట్టి లేదు, పక్కల మీద చిందులు లేవు. అక్కడక్కడ తుప్పు మచ్చలు తప్ప, కొత్త బండిలా ఆకుపచ్చగా నిగనిగలాడుతోంది.

"ఏం జేసినవ్ యాడీ!" హరిలాల్ అరిచాడు. "ఎంత కష్టపడి పూసిన గా మట్టి! ఎవలు కడగమన్నరు నిన్ను?"

ఆమె బెదిరిపోయి చూసింది. "పండుగనాడు అందరి బండ్లు కడుగుతున్రు గదరా. నా కొడుకు బండి ఒక్కటే మురికి ఉంటదా?"

హరిలాల్ ఆమె ఎదుట నేలమీదే చతికిలబడ్డాడు. నడుము, మోకాళ్లు, ఇన్నేళ్లూ అన్నీ ఒక్కసారే మీద పడ్డట్టయింది. కోపం కూడా నిలవలేదు. నిలుపుకునే ఓపిక లేదు.

"ఆ పొద్దు బండి అట్లనే ఉండె యాడీ. గా మురికి మీదికెల్లే ఎక్కిండు బీక్యా. ఎక్కాల్సింది నేను. గా సీటు నాది. కడుపుల నొస్తుందని చెప్పిన. నొయ్యలే. అలిసిన, పండుకుందామనుకున్న. గంతే."

మోతీబాయి చేతిలో చెంబు అలాగే ఆగింది. బోరింగు దగ్గర ఎవరో హారను మోగించి నవ్వుతున్నారు. ఆమె చెంబు కింద పెట్టింది.

"వాడు సుత అలిసే ఉండె గావొచ్చు."

అవును, మూడు రాత్రులు వాడు కూడా మేలుకునే ఉన్నాడు. బండి ముందు దారి చూపిస్తూ నడిచాడు. ఆ సంగతి పందొమ్మిదేళ్లుగా హరిలాల్ తనకి తాను కూడా చెప్పుకోలేదు.

ఆమె అతన్ని తిట్టలేదు. ఓదార్చనూ లేదు. చెంబులో నీళ్లు ముంచుకుని ట్యాంకు మీద పోసింది.

"పెట్టె తెరువద్దన్నరు గద అప్పుడు. పెండ్లిగాని పోరడని కాలవెట్టలే. మన్నుల పెట్టేముందు నాలుగు చెంబుల నీళ్లు పోసుడు సుత నాకు దొరకలే. అందరి పిల్లలకు తల్లులు పోస్తరు. నేను పెట్టె మీద చెయ్యి పెట్టి ఊకున్న." కొబ్బరిపీచు పక్కన పెట్టింది. "పొద్దుగాల్ల సందికెల్లి కడుగుతున్న. ముందటి బొక్కల మన్ను పోతలేదు. నా ఏలు లావు, లోపటికి పోతలేదు."

ట్యాంకుని తాంబాళంతో సహా అతని ముందుకి జరిపింది. కొంగు చివర చింపి, ఆ పీలిక అతని చేతిలో పెట్టింది.

"నీ సీటంటివి గద. నువ్వు కడుగు."

హరిలాల్ పీలికని వేపపుల్లకి చుట్టి, తడిపి, ఆ చిన్న బొక్కలోకి పోనిచ్చాడు. లోపల మట్టి మందంగా ఉంది. తనే పూశాడు, చాలా శ్రద్ధగా. మోతీబాయి పైనుంచి సన్నగా నీళ్లు పోస్తోంది. "మెల్లగ," అంది ఆమె. "మెల్లగ తుడువు. నొస్తది వానికి."