పది అంకెల గడి

మా అక్క జిరాక్స్ షాపులో ఒక మూల బల్ల వేసుకుని జనానికి ఆన్‌లైన్ దరఖాస్తులు నింపిపెడుతుంది. వీధిలో అందరికీ ఆమె ఫారాలక్క. ఎదుటివాడి సోది ఎంతసేపైనా వింటుంది, ఒంటి వేలితో టైపు చేస్తుంది, ఒకసారి చూసిన ముఖం మరిచిపోదు. కంటి ఆస్పత్రి వాళ్ళ ఉచిత ఆపరేషన్ల ఆన్‌లైన్ ఫారం మా ఆఫీసులో తయారుచేసింది నేనే. మా తమ్ముడు చేశాడని ఊరంతా చెప్పుకుంది, నా ఖర్మ.

నింపేవాళ్ళు చెత్తాచెదారం రాసి పంపకుండా పేజీలోనే ఆపడం నా పని. గడి ఖాళీగా ఉంటే కింద ఎర్ర అక్షరాలు వస్తాయి. అన్నీ కుదిరితేనే పంపే బటన్ వెలుగుతుంది. ఫోన్ నంబరు గడిలో పది అంకెలు ఉండి తీరాలని రాశాను. ఫోన్ లేనివాళ్ళ గతేమిట్రా అని అక్క అడిగితే, ఈ రోజుల్లో ఫోన్ లేనివాళ్ళు ఎవరున్నారని నవ్వాను. షాపు మెట్ల పక్కన చెప్పులు కుట్టే పెద్దాయన లేడా అంది. ఆయనకు ఫోనూ లేదు, నా అన్నవాళ్ళూ లేరు. ఒక కన్ను ఎప్పుడో పోయింది. ఈ ఏడాదిలోగా ఆపరేషన్ జరక్కపోతే రెండోదీ పోతుందని డాక్టరు తేల్చి చెప్పేశాడు. చూద్దాంలే అన్నాను. చూస్తే కదా.

అక్క ఊరుకునే రకం కాదు. ఫోన్ లేనివాళ్ళకు పది సున్నాలు కొట్టి పంపింది. ఆ సున్నాలు చూసి మా మేనేజరు నన్ను ఉతికి ఆరేశాడు. ఒకే అంకె పదిసార్లు వస్తే ఒప్పుకోవద్దని మర్నాడే ఇంకో షరతు పెట్టాను. మీ ఆఫీసులో ఎవడో పనీపాటా లేని వెధవ సున్నాలు కూడా పడనివ్వడం లేదని అక్క తిట్టుకుంటూ నాకు అన్నం వడ్డించింది. ఆ వెధవ తలొంచుకుని తిన్నాడు.

ఇక ఆమె తన నంబరే పెట్టడం మొదలుపెట్టింది. పిలుపు తనకొస్తే తనే వెళ్ళి చెప్పొచ్చని. పెద్దాయనకు అదే నంబరు, ఇంకో నలభైమందికి కూడా అదే. ఎవరి దరఖాస్తు ఏదో నోటుబుక్కులో రాసిపెట్టుకుంది.

మేనేజరు కంట పడనే పడింది. ఇదంతా ఎవడో బ్రోకరు పని, మొదటిది ఉంచి మిగతావి తీసేయమన్నాడు. జాబితా తెరిచాను. ఆ నంబరు అక్కది. నోరు తెరిస్తే అక్క బ్రోకరవుతుంది, నేను బ్రోకరు తమ్ముణ్ణవుతాను. నలభై దరఖాస్తులూ తీసేశాను. ఆ నలభైలో పెద్దాయనదీ ఉంది. వాడిన నంబరు మళ్ళీ వాడితే ఆపే షరతు కూడా ఆ చేత్తోనే పెట్టాను.

అందిన దరఖాస్తుల జాబితాలో పెద్దాయన పేరు కనబడటం లేదు, ఆఫీసులో కాస్త కనుక్కోరా అని అక్క మూడు రోజులు నన్ను వేధించింది. నాలుగో రోజు షాపుకు రమ్మంది. వెళ్ళేసరికి పెద్దాయన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఆమె మళ్ళీ మొదటినుంచీ నింపి తన నంబరు కొట్టింది. ఈ నంబరు ఇంతకుముందే వాడారు అని ఎర్రగా వచ్చింది. నేను రాసిన వాక్యమే.

"నీ నంబరు పెడదాంరా. నీది ఎక్కడా వాడలేదుగా."

రేపు మేనేజరు ఆ గడిలో నా నంబరు చూస్తే?

"ఆఫీసువాళ్ళు నాకు ఇంకో కొత్త నంబరిచ్చారు, అది రాయి" అని నోటికొచ్చిన పది అంకెలు చెప్పాను.

అక్క ఒంటి వేలితో ఒక్కొక్కటే కొట్టింది. నా ఫారం అంకెలు పది ఉన్నాయా లేవా అని చూస్తుంది కానీ, నంబరు ఎవరిదని అడగదు. ఉన్నాయి. పచ్చ టిక్కు పడింది. పెద్దాయన నాకు రెండు చేతులూ జోడించాడు.

మర్నాడు దిద్దేద్దామనే అనుకున్నాను, ఒట్టు. కానీ పంపిన ఫారంలో నంబరు మార్చాలంటే కారణం రాసి మేనేజరు సంతకం తీసుకోవాలి. ఏమని రాయను? రేపూ మాపూ అంటూ గడిపాను. పోయిన నెల తెరిచి చూస్తే పెద్దాయన పేరు పక్కన మూడు ముక్కలున్నాయి: పిలిచాం, పలకలేదు, రద్దు. నా అంత పిరికివాడు ఇంకొకడుండడు.

ఇప్పుడు ఆయనకు సూది బెజ్జం కనిపించదు. పొద్దున్నే షాపు తెరవకముందే అక్క మెట్ల మీద కూర్చుని, ఆ రోజుకు సరిపడా పది సూదుల్లో దారం ఎక్కించి ఆయన చేతి పక్కన అట్టముక్కకు గుచ్చి పెడుతుంది. ఆఫీసుకు పోతూ నేను ఆ మెట్ల ముందు నుంచే వెళ్ళాలి.

"ఏరా, నీ కొత్త నంబరుకేమైనా మెసేజ్ వచ్చిందా?" అని రోజూ అడుగుతుంది. పెద్దాయన కూడా కుట్టడం ఆపి నా గొంతు వచ్చిన వైపు తల తిప్పుతాడు.

"ఇంకా లేదక్కా" అంటాను.